నెల తప్పక ముందే మొదలవ్వాల్సిన మాత్ర

కొత్తగా పెళ్లయిన ఇంట్లో నాలుగు నెలలు గడిచేసరికి చుట్టాలంతా అడిగే మాట ఒకటే: ‘ఏమైనా విశేషమా?’ విశేషం ఉందని తెలిసిన రోజు నుంచి ఆ అమ్మాయికి రాజభోగం. పాలు, పళ్లు, దానిమ్మ రసం, డాక్టరు, స్కానింగు, ఐరన్ మాత్రలు... అన్నీ ఒక్కసారిగా మొదలవుతాయి. మంచిదే. కానీ ఆ రోజు మొదలుపెట్టే మాత్రల్లో ఒకటి అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది. అది ఫోలిక్ యాసిడ్. ఎందుకు ఆలస్యమో, ఆ ఆలస్యానికి ఏ మూల్యం చెల్లిస్తున్నామో ఈ వారం మీకు వివరంగా చెబుతాను. ఇంట్లో పెళ్లికి ఎదిగిన ఆడపిల్ల ఉన్నవాళ్లు, కొత్త కోడలు వచ్చినవాళ్లు, రెండో బిడ్డ కోసం అనుకుంటున్నవాళ్లు తప్పకుండా చదవండి.

ముందుగా చిన్న లెక్క. నెలసరి సరిగ్గా 28 రోజులకొకసారి వచ్చే స్త్రీలో గర్భం నిలిచేది పద్నాలుగో రోజు ప్రాంతంలో. అంటే మళ్లీ నెలసరి రావాల్సిన రోజుకే లోపలి పిండానికి రెండు వారాల వయసు ఉంటుంది. వారం ఆలస్యమై, మెడికల్ షాపు నుంచి కిట్ తెచ్చి పరీక్ష చేసుకునేసరికి మూడు వారాలు. ‘ఇంకో వారం చూద్దాం’ అనుకుంటే నాలుగు వారాలు. సరిగ్గా ఈ మూడు, నాలుగు వారాల మధ్యే బిడ్డ మెదడు, వెన్నుపాములకు పునాది పడుతుంది. 28వ రోజుకల్లా ఆ పని పూర్తవుతుంది.

మరి మన దగ్గరికి గర్భిణులు ఎప్పుడు వస్తున్నారు? పాయకరావుపేట మగ్గాల వీధుల నుంచైనా, పెంటకోట మత్స్యకారుల ఇళ్ల నుంచైనా, నర్సీపట్నం పైనున్న ఏజెన్సీ ఊళ్ల నుంచైనా రెండో నెల చివర్లోనో, మూడో నెలలోనో వస్తారు. ‘మూడో నెల నిండాక చెబుదాం, దిష్టి తగులుతుంది’ అనే ఇళ్లూ ఉన్నాయి. మూడో నెలలోపు పేరు నమోదైతే రికార్డుల్లో అది ‘సకాలంలో నమోదు’. రక్తహీనత, బీపీ, షుగర్ విషయంలో అది నిజంగా సకాలమే. మెదడు, వెన్నుపాముల విషయంలో మాత్రం అప్పటికి గడువు దాటి నెలకు పైనే అవుతుంది.

మెడ దగ్గర మొదలయ్యే కుట్టు

ఆ మూడు, నాలుగు వారాల్లో లోపల జరిగేదేమిటో చూడండి. మూడో వారంలో పిండం చిన్న పలకలా ఉంటుంది. దాని మధ్య భాగం మందంగా మారి, రెండు అంచులూ పైకి లేచి, ఒకదానివైపు ఒకటి వంగుతాయి. అరటాకును పొడవునా చుట్టబోతే మధ్యలో కాలువలా ఏర్పడుతుంది కదా, అలాగన్నమాట. సుమారు 22వ రోజున ఈ అంచులు మొదటిసారి కలుసుకుంటాయి. ఎక్కడో తెలుసా? రేపు బిడ్డకు తల వెనుక భాగం, మెడ కలిసే చోట. అక్కడి నుంచి జిప్పు లాగినట్టు ఇటు తలవైపు, అటు నడుంవైపు మూసుకుంటూ పోతుంది. పైన తలవైపు రంధ్రం 25వ రోజు ప్రాంతంలో, కింద నడుంవైపు రంధ్రం 28వ రోజుకల్లా మూసుకుంటాయి. ఈ గొట్టాన్నే న్యూరల్ ట్యూబ్ అంటాం. పై భాగం మెదడవుతుంది, మిగతాది వెన్నుపాము అవుతుంది.

ఇదే సమయంలో గొట్టానికి రెండు పక్కలా పూసల జతల్లాంటివి వరుసగా పుడుతుంటాయి. రోజుకు సుమారు మూడు జతల చొప్పున అయిదో వారం చివరికి 42 నుంచి 44 జతలు ఏర్పడతాయి. వెన్నెముక ఎముకలన్నీ వీటి నుంచే వస్తాయి. వీటిలో పైనున్న తొలి నాలుగు జతలు మాత్రం వెన్నెముకలోకి రావు. అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి పుర్రె అడుగుభాగంలో చేరతాయి. వెన్నుపాము కిందికి దిగే పెద్ద రంధ్రం చుట్టూ ఉండే గట్టి ఎముక చాలావరకు అదే. అంటే మీ పుర్రె వెనుక అడుగుభాగం ఒకప్పుడు మెడ ఎముకలకు తోబుట్టువు!

పుర్రె పైభాగం, అడుగుభాగం తయారయ్యే తీరు కూడా వేరు. నెత్తిమీది ఎముకలు పలుచని పొర నుంచి నేరుగా తయారవుతాయి. అందుకే పసిబిడ్డ మాడు మెత్తగా కొట్టుకుంటూ కనిపిస్తుంది. అడుగుభాగం మాత్రం మొదట మృదులాస్థిగా, అంటే మన చెవి డిప్పలో ఉండేలాంటి మెత్తని ఎముకగా తయారై, తర్వాత నెమ్మదిగా గట్టిపడుతుంది. అక్కడి ఒక అతుకు యుక్తవయసు దాకా పెరుగుతూనే ఉంటుంది.

మెడలోని మొదటి రెండు ఎముకల సంగతి ఇంకా చిత్రం. మొదటిది ఉంగరంలా ఉండి తలను మోస్తుంది. దానికి మధ్యలో ఉండాల్సిన దిమ్మ పిండ దశలోనే విడిపోయి, రెండో ఎముకకు అతుక్కుని పైకి మేకులా నిలబడుతుంది. మీరు ‘అవును’ అని తల ఊపినప్పుడు కదిలేది పుర్రెకూ మొదటి ఎముకకూ మధ్య కీలు. ‘కాదు’ అని తల అడ్డంగా తిప్పినప్పుడు ఆ ఉంగరం ఈ మేకు చుట్టూ తిరుగుతుంది. ఆ మేకు వెనకే, వేలెడు దూరం కూడా లేకుండా, వెన్నుపాము ఉంటుంది. ఊపిరి, చేతులు, కాళ్లు అన్నిటికీ ఆదేశాలు వెళ్లే దారి అదే. ప్రకృతి ఇంత ఇరుకు చోట ఇంత క్లిష్టమైన పని పెట్టుకుంది కాబట్టే ఇక్కడ చిన్న తేడా వచ్చినా పెద్ద చిక్కవుతుంది.

జిప్పు మధ్యలో ఆగితే

గొట్టం తలవైపు మూసుకోకపోతే మెదడు, దానిమీది పుర్రె ఏర్పడవు. దీన్ని అనెన్‌సెఫలీ అంటాం. ఆ బిడ్డ బతకదు. తల వెనుక, పుర్రెలో ఖాళీ మిగిలితే అక్కడి నుంచి మెదడు పొరలు, ఒక్కోసారి మెదడు కూడా సంచిలా బయటికి వస్తాయి. ఇది ఎన్‌సెఫలోసీల్. నడుంవైపు మూసుకోకపోతే స్పైనా బైఫిడా. వీపు మీద తిత్తిలాంటి వాపుతో బిడ్డ పుడుతుంది. ఆపరేషన్ చేసినా చాలామందిలో కాళ్ల బలహీనత, మలమూత్రాల మీద అదుపు లేకపోవడం, తలలో నీరు చేరడం మిగిలిపోతాయి. ఈ పిల్లల్లో చాలామందికి చిన్నమెదడు కింది భాగం పుర్రె అడుగు రంధ్రంలోంచి మెడలోకి జారి ఉంటుంది. ప్రాగ్‌లో పనిచేసిన హాన్స్ కియారీ 1891లో ఇలాంటి లోపాలను వర్ణించాడు కాబట్టి వీటికి ఆయన పేరే స్థిరపడింది.

మన దేశంలో జరిగిన అధ్యయనాలను గుదిగుచ్చి చూసిన సమీక్షలు ఈ లోపాలు వెయ్యి కాన్పులకు సుమారు నాలుగు చొప్పున ఉన్నాయని తేల్చాయి. ప్రాంతాన్ని బట్టి ఈ సంఖ్య మారుతుంది. నాలుగే కదా అనిపించవచ్చు. ఒక మండలంలో ఏడాదికి వెయ్యి కాన్పులు జరుగుతాయనుకుంటే, ఏటా నాలుగు ఇళ్లలో ఈ దుఃఖం. వాటిలో ఎక్కువ భాగం ఆపగలిగినవే అన్నదే బాధ.

భీమవరం బిడ్డ ఇచ్చిన మందు

ఆపే మందు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే తెలుగువాళ్లుగా మనకు గర్వమూ కలగాలి, కొంచెం సిగ్గూ కలగాలి.

1931లో ఇంగ్లండుకు చెందిన డాక్టర్ లూసీ విల్స్ బొంబాయిలో పనిచేస్తూ, అక్కడి పేద గర్భిణుల్లో కనిపించే ఒక రకం తీవ్ర రక్తహీనత ఈస్ట్‌తో చేసిన పదార్థం తినిపిస్తే తగ్గుతోందని ప్రకటించింది. అందులోని పోషకమేమిటో అప్పటికి తెలియదు. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు టన్నుల కొద్దీ పాలకూర నుంచి దాన్ని రవ్వంత వేరుచేసి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ‘ఫోలియం’ అంటే ఆకు. మన మాటల్లో ‘ఆకు ఆమ్లం’ అన్నమాట.

అలా టన్నుల ఆకు నుంచి రవ్వంత తీసే పద్ధతితో మందు జనానికి చేరదు. దాన్ని పెద్ద ఎత్తున తయారుచేసే దారి చూపింది మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో, మద్రాసులో చదివి, 1923లో అమెరికా వెళ్లిన ఆయన కుటుంబాన్ని స్ప్రూ అనే పేగుల జబ్బు దెబ్బతీసింది. ఇద్దరు సోదరులు దానికే బలయ్యారు. ఆయన కూడా దాని బారిన పడి బయటపడ్డారు. పేగులు పోషకాలను పీల్చుకోలేక, రక్తం పలుచబడి మనిషి కృశించిపోయే జబ్బు అది. న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఈరోజు మెడికల్ షాపులో రూపాయల్లో దొరికే పసుపుపచ్చని చిన్న మాత్ర వెనుక ఉన్న కథ అది.

అదే ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్‌కు విరుగుడు మందులు కూడా తయారయ్యాయి. వాటిలో అమినాప్టెరిన్‌ను 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడి మొదటిసారి ఉపశమనం చూపించాడు. అయితే 1952లో ఇంకో విషయం బయటపడింది. గర్భం తొలి వారాల్లో ఆ మందు తీసుకున్న స్త్రీలలో కొందరి పిండాలకు తల, మెదడు సరిగ్గా ఏర్పడలేదు. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకుంటే పిండానికి ఏమవుతుందో ఆ విషాదం చెప్పింది. దాని తమ్ముడిలాంటి మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు వాడుతున్నాం. అది వాడే ఆడవాళ్లు డాక్టరుతో మాట్లాడి, ఆ మందు ఆపి, వాళ్లు చెప్పినంత కాలం ఆగాకే గర్భం గురించి ఆలోచించాలి.

సుబ్బారావుగారు 1948లోనే కన్నుమూశారు. తన మందు పుట్టబోయే బిడ్డల మెదడును, వెన్నుపామును కాపాడుతుందని ఆయనకు తెలియదు. అది రుజువైంది 1991లో. అంతకుముందు న్యూరల్ ట్యూబ్ లోపంతో బిడ్డను కన్న లేదా గర్భం కోల్పోయిన స్త్రీలపై బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ఏడు దేశాల్లో పరీక్ష చేసింది. మళ్లీ గర్భం రాకముందు నుంచే కొందరికి రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. మొత్తం 27 మంది పిల్లల్లో లోపం కనిపించింది. వాళ్లలో ఫోలిక్ యాసిడ్ తీసుకున్న తల్లుల పిల్లలు 6 మంది, తీసుకోని తల్లుల పిల్లలు 21 మంది. తేడా ఇంత స్పష్టంగా ఉండటంతో పరీక్షను మధ్యలోనే ఆపి ఫలితం ప్రకటించారు. ముప్పు 72 శాతం తగ్గింది.

తర్వాత చైనాలో సుమారు రెండున్నర లక్షల మంది స్త్రీలపై జరిగిన అధ్యయనం 1999లో వెలువడింది. అంతకుముందు ఏ ఇబ్బందీ లేని మామూలు స్త్రీలకు కూడా రోజుకు 400 మైక్రోగ్రాములు చాలని, లోపాలు ఎక్కువగా ఉన్న ఉత్తర ప్రాంతంలో ముప్పు 79 శాతం, తక్కువగా ఉన్న దక్షిణాన 41 శాతం తగ్గిందని తేలింది. అమెరికా 1998 నుంచి గోధుమపిండి లాంటి ధాన్యపు పదార్థాల్లో ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి చేసింది. దానివల్ల అక్కడ ఏటా సుమారు 1,300 మంది పిల్లలు ఈ లోపాల నుంచి తప్పించుకుంటున్నారు. 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సభ ఈ విషయంపైనే తీర్మానం చేసి, ఆహారంలో పోషకాలు కలిపే పనిని వేగం చేయమని అన్ని దేశాలనూ కోరింది.

మరి మన దగ్గర లోటు ఎక్కడ?

మాత్ర లేకపోవడం కాదు, అది చేరే సమయమే లోటు. రక్తహీనత లేని భారత్ పథకంలో గర్భానికి ముందు నుంచి మొదటి మూడు నెలలు నిండేదాకా రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలని ఉంది. కాగితం మీద మాట సరైనదే. కానీ మన వ్యవస్థ కదిలేది గర్భం నమోదయ్యాకే. కొత్తగా పెళ్లయిన అమ్మాయి ఇంటికి ఆశా కార్యకర్త వెళ్లి ‘ఇంకా ఏమీ లేకపోయినా ఈ మాత్ర వేసుకో’ అని చెప్పడం మన ఊళ్లలో ఎంత అరుదో మీకే తెలుసు.

‘స్కూల్లో పిల్లలకు వారం వారం ఐరన్ మాత్ర ఇస్తున్నారు కదా’ అని మీరు అడగవచ్చు. ఇస్తున్నారు, ఇవ్వాలి కూడా. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ మాత్ర దానికోసం. అందులో ఉండే ఫోలిక్ యాసిడ్ వారానికి 500 మైక్రోగ్రాములు. రోజుకు 400 చొప్పున వారానికి కావాల్సింది 2,800. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా నెలసరి వచ్చే వయసు స్త్రీలకు ఇచ్చే వారపు మాత్రలో 2,800 మైక్రోగ్రాములు ఉండాలనే చెబుతోంది. మన వారపు మాత్రలో ఉన్నది అందులో అయిదో వంతు కూడా కాదు. ఈ మోతాదును పెంచే విషయం ప్రభుత్వం తేల్చాలి. మాత్ర మారక్కర్లేదు, పంచే మనుషులు మారక్కర్లేదు, లోపలి మోతాదు మారితే చాలు.

రేషన్ బియ్యంలో కలిపే పోషక గింజల సంగతీ చూద్దాం. ‘ప్లాస్టిక్ బియ్యం’ అని భయపడి చాలా ఇళ్లలో వాటిని ఏరి పారేశారు. అవి ప్లాస్టిక్ కావు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలుగా చేసినవి. ప్రమాణాల ప్రకారం కలిపిన బియ్యంలో కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉండాలి. రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకుంటే అందేది సుమారు 30 మైక్రోగ్రాములు. పదేపదే కడిగి, గంజి వారిస్తే ఇంకొంత పోతుంది. కాబట్టి ఆ గింజలు ఏరొద్దు. అలాగని వాటినే నమ్ముకుని మాత్ర మానొద్దు.

తోటకూర, పాలకూర, గోంగూర, మునగాకు, పెసలు, శనగలు, కందిపప్పు, వేరుశనగ, గుడ్లు, కమలాపండ్లు... వీటన్నిటిలో ఈ పోషకం ఉంది. రోజూ తినండి. కానీ ఆకుకూరను ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీరు పారబోస్తే, ఎక్కువసేపు మరిగిస్తే చాలావరకు నశిస్తుంది. ఆహారంలోని ఫోలేట్‌ను ఒంట్లో ఇముడ్చుకోవడం కంటే మాత్రలోని ఫోలిక్ యాసిడ్‌ను ఇముడ్చుకోవడం తేలిక. అందుకే కూర మానకండి, మాత్రా వేసుకోండి.

ఎవరు, ఎప్పుడు, ఎంత?

గర్భం రావొచ్చు అనుకునే ప్రతి స్త్రీ రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. కనీసం ఒక నెల ముందు, వీలైతే రెండు మూడు నెలల ముందు మొదలుపెట్టాలి. మూడో నెల నిండేదాకా కొనసాగించాలి. నాలుగో నెల నుంచి ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్ర ఎలాగూ ఉంటుంది. షాపుల్లో ఎక్కువగా దొరికేది 5 మిల్లీగ్రాముల మాత్ర. ఎవరికి ఏది సరిపోతుందో డాక్టరును అడిగి తీసుకోండి. దీనివల్ల వేడి చేయదు, బిడ్డ మరీ లావై కాన్పు కష్టమవదు, మాత్ర ఆపాక గర్భం రావడానికీ అడ్డు కాదు.

ఇంతకుముందు న్యూరల్ ట్యూబ్ లోపంతో బిడ్డ పుట్టినా, అలాంటి కారణంతో గర్భం తీయించుకోవాల్సి వచ్చినా, తర్వాతి గర్భంలో ముప్పు మామూలు వారికంటే చాలా ఎక్కువ. వాళ్లకు 400 మైక్రోగ్రాములు చాలవు. సుమారు పదిరెట్ల మోతాదు కావాలి. ముందుగానే డాక్టరును కలవండి. షుగర్ ఉన్నవాళ్లు దాన్ని అదుపులోకి తెచ్చుకున్నాకే గర్భం ధరించాలి, ఎందుకంటే తొలి వారాల్లో చక్కెర ఎక్కువగా ఉంటే ఇవే అవయవాలు దెబ్బతింటాయి. మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడుతున్నవాళ్లకూ ముప్పు ఎక్కువ. అయితే సొంతంగా ఆ మందు ఆపేయకండి. మూర్ఛ వస్తే తల్లికీ బిడ్డకూ ప్రమాదం. మందు మార్చాలా వద్దా అన్నది డాక్టరు ముందుగానే చూస్తారు. మేనరికం, దగ్గరి సంబంధాలు చేసుకున్నవాళ్లు కూడా గర్భానికి ముందే ఒకసారి సలహా తీసుకోవడం మేలు.

మాత్ర వేసుకుంటే అన్నీ ఆగిపోతాయని నేను చెప్పను. గొట్టం మూసుకోవడంలో వచ్చే లోపాల్లో ఎక్కువ భాగం ఆగుతాయి, అన్నీ కాదు. మెడ ఎముకలు విడిపోకుండా అతుక్కుపోవడం, పుర్రె అడుగున మొదటి ఎముక కలిసిపోవడం, మేకులాంటి ఎముక సరిగ్గా అతకకపోవడం లాంటివి వేరే దశలో, వేరే కారణాలతో వస్తాయి. వాటిని ఫోలిక్ యాసిడ్ ఆపుతుందనడానికి రుజువు లేదు. వాటిని తొందరగా గుర్తించడమే మన చేతిలో ఉన్నది.

గుర్తించాల్సిన గుర్తులు

గర్భంలో ఉండగానే 11 నుంచి 14 వారాల మధ్య చేసే స్కానింగ్‌లో పుర్రె ఏర్పడలేదన్న సంగతి చాలావరకు తెలుస్తుంది. 18 నుంచి 20 వారాల మధ్య చేసే టిఫా స్కాన్‌లో వెన్నెముక, తల వెనుక భాగం, గుండె, మూత్రపిండాలు అన్నీ చూస్తారు. తాండవ వంతెన దాటి తుని వెళ్లినా, విశాఖ వెళ్లినా ఈ స్కాన్ సరైన వారంలో చేయించుకోండి. ‘ఏడో నెలలో ఒకేసారి తీద్దాం’ అనుకోవద్దు. తీవ్రమైన లోపం ఉందని తేలితే ఏం చేయాలన్న నిర్ణయం తల్లిది. 2021లో సవరించిన చట్టం ప్రకారం, పిండానికి తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు నిర్ధారిస్తే 24 వారాలు దాటాక కూడా గర్భస్రావానికి అనుమతి ఉంది. అయినా తొందరగా తెలిస్తే ఆ తల్లికి శారీరకంగా, మానసికంగా బాధ తగ్గుతుంది.

బిడ్డ వీపు మీదో, తల వెనుకో తిత్తితో పుడితే దాన్ని నొక్కకండి, పసర్లు రాయకండి, వాత పెట్టకండి. సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, బిడ్డను బోర్లా లేదా పక్కకు పడుకోబెట్టి వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. విశాఖ కేజీహెచ్‌లో న్యూరోసర్జరీ విభాగం ఉంది. 2013లో మొదలైన జాతీయ బాల ఆరోగ్య కార్యక్రమం పరీక్షించే పుట్టుక లోపాల జాబితాలో న్యూరల్ ట్యూబ్ లోపం కూడా ఉంది. మీ ఆశా కార్యకర్తను, పీహెచ్‌సీ డాక్టరును అడిగితే దారి చూపుతారు.

కొన్ని లోపాలు పెద్దయ్యాక బయటపడతాయి. మెడ మరీ పొట్టిగా ఉండి, వెనుక జుట్టు బాగా కిందికి దిగి, మెడ పూర్తిగా తిరగని పిల్లలను ఒకసారి చూపించండి. దగ్గినా తుమ్మినా తల వెనుక పోటు రావడం, చేతుల్లో తిమ్మిరి, వేడి గిన్నె పట్టుకున్నా కాలినట్టు తెలియకపోవడం, నడకలో తూలు, చెప్పు జారిపోయినా తెలియకపోవడం... ఇవి ఉంటే ‘నరాల బలహీనత’ అని బి-కాంప్లెక్స్ సూదులతో ఏళ్లు గడపకండి. మెడ ఎక్స్‌రే, ఎమ్మారై తీయించాలి. మొదటి రెండు మెడ ఎముకలు కదిలిపోతుంటే వాటిని బిగించే శస్త్రచికిత్స మన దేశంలోనే బాగా అభివృద్ధి చెందింది. ముంబై కేఈఎం ఆసుపత్రికి చెందిన డాక్టర్ అతుల్ గోయెల్ 1994లో ప్రచురించిన స్క్రూల పద్ధతిని ప్రపంచమంతా వాడుతోంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కూడా ఈ కీలు వదులుగా ఉండొచ్చు. ఇలాంటి వాళ్లు తలమీద బరువులు మోయకూడదు. సెలూన్‌లో మెడ టక్కున తిప్పించుకోవడం ఎవరికీ మంచిది కాదు, వీళ్లకు ప్రాణాంతకం.

తప్పు ఎవరిదీ కాదు, పని అందరిదీ

లోపంతో బిడ్డ పుట్టిన ఇంట్లో మొదట వేలు చూపేది తల్లివైపే. గ్రహణం రోజు బయట తిరిగిందని, కత్తి పట్టుకుందని, ఫలానా తిండి తిందని. పెదవి చీలికకు మన భాషలో ‘గ్రహణం మొర్రి’ అని పేరే పడిపోయింది. గ్రహణానికీ బిడ్డ మెదడుకూ సంబంధం లేదు. తనకు గర్భం వచ్చిందని ఆమెకే తెలియని రోజుల్లో జరిగిపోయిన దానికి ఆమెను నిందించడం అన్యాయం. ఆ రోజుల ముందు ఆమె చేతికి మాత్ర అందించాల్సింది మనం.

ఇందుకు కొత్త పథకం అక్కర్లేదు. ఏఎన్‌ఎం దగ్గర అర్హులైన దంపతుల రిజిస్టర్ ఉంది. పెళ్లయిన ప్రతి అమ్మాయి పేరు అందులోకి చేరుతుంది. ఆ పేరు రాసిన రోజే మూడు నెలలకు సరిపడా ఫోలిక్ యాసిడ్ ఆమె చేతికివ్వాలి. పెళ్లి నమోదుకు వచ్చిన జంటకు ఆ కార్యాలయంలోనే ఈ మాట చెప్పాలి. రెండో బిడ్డ కోసం కాపర్-టీ తీయించుకోవడానికి వచ్చిన తల్లిని మాత్ర లేకుండా పంపకూడదు. గర్భస్రావమైన స్త్రీకి డిశ్చార్జి చీటీలో ఈ మాత్ర రాయాలి. ఏడాది చివర్లో ‘ఎంతమంది గర్భిణులు మూడో నెలలోపు నమోదయ్యారు’ అని లెక్క అడిగే అధికారులు, ‘ఎంతమంది గర్భానికి ముందే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టారు’ అని కూడా అడగాలి. అడిగిన లెక్కే పని చేయిస్తుంది.

ఇక ఇంట్లో పని మీది. మీ అమ్మాయికి ముహూర్తం పెట్టుకున్నారా? శుభలేఖలు పంచే నెలలోనే ఫోలిక్ యాసిడ్ మాత్రలు కొని ఆమె చేతిలో పెట్టండి. అమ్మ మొహమాటపడితే వదినో, అక్కో చెప్పండి. కోడలు ఇంటికి వచ్చిందా? అత్తగారే ఆ మాత్ర గుర్తుచేస్తే ఆమె వేసుకోవడానికి సంకోచించదు. ఇప్పుడే పిల్లలు వద్దనుకునే జంట కుటుంబ నియంత్రణ పద్ధతి వాడుకోవచ్చు. అది ఆపాలనుకున్న రోజుకు కనీసం ఒక నెల ముందు మాత్ర మొదలుపెట్టాలి. ఈసారి ఎవరైనా కొత్త జంటను ‘విశేషమా?’ అని అడగబోయే ముందు, ‘ఫోలిక్ యాసిడ్ వేసుకుంటున్నావా అమ్మా?’ అని అడగండి.